అన్నపూర్ణా వారి మధుసూదనరావు గారు

పాత సినిమాల ప్రస్తావన వస్తే మా అమ్మ ఎప్పుడూ డైరెక్టరు పేరు చెప్పదు. హీరో పేరు కూడా తర్వాతే. "అది అన్నపూర్ణా వారిది, చూడొచ్చు" అంటుంది, లేకపోతే "విజయా వారిది" అంటుంది. చిన్నప్పుడు నాకు ఈ 'వారు' ఎవరో అర్థమయ్యేది కాదు. పెళ్లి శుభలేఖల్లో ఇంటిపేరు పక్కన వేసే 'వారి' లాంటిదే అనుకునేవాణ్ణి. పెద్దయ్యాక ఆలోచిస్తే అది నిజమే అనిపించింది. ఆ రోజుల్లో పోస్టరు మీద సినిమా పేరుకి పైన 'అన్నపూర్ణా వారి' అని ఉంటే, మా అమ్మలాంటి వాళ్లకి అది ఒక ఇంటి మర్యాద గురించిన హామీ. ఈ ఇంట్లో భోజనానికి కూర్చుంటే ఏం వడ్డిస్తారో ముందే తెలుసు, పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లొచ్చు అన్న నమ్మకం.

ఆ నమ్మకం వెనకాల ఒక మనిషి ఉన్నాడు. ఆయన పేరు దుక్కిపాటి మధుసూదనరావు. ఇది రాయడానికి కారణం, ఈ మధ్య సినిమాలు బాగా తెలిసిన ఒక స్నేహితుడు మాటల్లో "అన్నపూర్ణా పిక్చర్స్ అంటే నాగేశ్వరరావు గారిది కదా, వాళ్లావిడ పేరు మీద పెట్టారు" అన్నాడు. ఈ పొరపాటు చాలామంది చేస్తారు, చేయడానికి కారణం కూడా ఉంది. అక్కినేని గారి భార్య పేరు అన్నపూర్ణ. 1976లో హైదరాబాదులో మొదలైన అన్నపూర్ణ స్టూడియోకి ఆ పేరు ఆవిడ మీదే వచ్చింది. కానీ అన్నపూర్ణా పిక్చర్స్ అనే సంస్థ అంతకు పాతికేళ్ల ముందు, 1951లోనే పుట్టింది. ఆ అన్నపూర్ణ వేరే ఆవిడ, మధుసూదనరావు గారిని పెంచిన సవతి తల్లి. అక్కినేని ఆ సంస్థకి ఛైర్మన్‌గా ఉన్నారు, కాదనను. కథ వెతికింది, రచయితల్ని కూర్చోబెట్టింది, డబ్బు లెక్క చూసింది, ఏ సినిమా ఎప్పుడు మొదలెట్టాలో, ముఖ్యంగా ఎప్పుడు మొదలెట్టకూడదో నిర్ణయించింది మాత్రం దుక్కిపాటి.

నా వాదన ఒక్కటే, ముందే చెప్పేస్తాను. తెలుగులో నిర్మాత అన్న మాటకి ఇప్పుడు మనం డబ్బు పెట్టేవాడు అన్న అర్థం ఒక్కటే మిగిల్చాం. దుక్కిపాటి కెరీర్ చూస్తే ఆ మాటకి అసలు అర్థం పాఠకుడు అనిపిస్తుంది. అందరికంటే ముందు కథ చదివేవాడు, చదివి నచ్చితే దానికోసం ఏళ్ల తరబడి ఆగగలిగేవాడు.

ఆయన 1917లో గుడివాడ దగ్గర పెయ్యేరులో పుట్టారు. కృష్ణా జిల్లాలో ఆ ప్రాంతం నాటకాల నేల. గుడివాడ ఎక్సెల్షియర్ క్లబ్బు నాటకాల్లో ఆయన మునిగి తేలేవారు, ఆ నాటకాల్లోనే ఆడవేషాలు వేసే ఒక సన్నటి కుర్రాడున్నాడు. రామాపురం నుంచి వచ్చినవాడు, ప్రాథమిక చదువుతోనే ఆగిపోయినవాడు, దుక్కిపాటి కంటే ఏడేళ్లు చిన్న. అతనే అక్కినేని నాగేశ్వరరావు. 1944లో ఘంటసాల బలరామయ్య గారు బెజవాడ రైల్వే స్టేషన్‌లో అక్కినేనిని చూసి సినిమాకి తీసుకున్న కథ అందరూ చెబుతారు. అంతకు ముందు ఆ కుర్రాడికి స్టేజీ మీద నిలబడే చోటు ఇచ్చి, మాట తీరు నేర్పి, వెన్నుతట్టిన నాటకసమాజం గురించి అంతగా చెప్పరు. మనకి రైల్వే స్టేషన్ కథ ఇష్టం, ఎందుకంటే అందులో అదృష్టం ఉంది. నాటకసమాజం కథలో ఉన్నది రోజువారీ పని, దాని గురించి వినే ఓపిక తక్కువ.

సంస్థ పెట్టింది 1951లో. మొదటి సినిమా 'దొంగ రాముడు' వచ్చింది 1955 అక్టోబరులో. మధ్యలో నాలుగేళ్లు. ఈ నాలుగేళ్ల దగ్గర నేను కాసేపు ఆగాలి, ఎందుకంటే నాకు ఆయన మీద గౌరవం మొదలైంది ఇక్కడే.

ఆయనకి మొదటి సినిమా కె.వి.రెడ్డి గారే తీయాలని ఉంది. కె.వి.రెడ్డి అంటే అప్పటికే 'పాతాళ భైరవి' తీసిన మనిషి, చేతిలో వాహినీ వారి 'పెద్ద మనుషులు' ఉంది. ఖాళీ లేదు. కొత్తగా బోర్డు కట్టిన కంపెనీ, పైగా చేతిలో అక్కినేని లాంటి హీరో ఉన్నాడు. అప్పటికే జనం ఆరాధిస్తున్న హీరో. ఎవరో ఒక డైరెక్టర్ని పెట్టి ఆరు నెలల్లో ఒక సినిమా తీసేస్తే కాదనేవాళ్లు లేరు. పంపిణీదారులు అడ్వాన్సులు ఇవ్వడానికి వెనకాడరు. దుక్కిపాటి అలా చేయలేదు, ఆగారు. 'పెద్ద మనుషులు' 1954లో వచ్చింది, ఆ తర్వాతే కె.వి.రెడ్డి అన్నపూర్ణకి వచ్చారు. 'పెద్ద మనుషులు'కి మాటలు రాసిన డి.వి.నరసరాజు గారే దీనికీ రాశారు. కె.వి.రెడ్డి గారు సినిమాని కాగితం మీదే పూర్తిగా తీసేసుకునే మనిషి, ఏ సీను ఎంతసేపు ఉండాలో కూడా స్టాప్‌వాచ్ పెట్టుకుని తేల్చుకునేవారు. ఆయన కథాచర్చల్లో దుక్కిపాటి కూర్చున్నారు. అంటే ఒక కొత్త నిర్మాతకి తన మొదటి సినిమానే పెద్ద బడి అయింది.

'దొంగ రాముడు' కథ చూడండి. జబ్బుపడ్డ తల్లికి మందు కోసం దొంగతనం చేసిన పిల్లవాడు, ఆ దొంగతనంతోనే వాడి జీవితమంతా దారితప్పడం, చెల్లెలు ఎక్కడో పెరగడం, పెద్దయ్యాక వాడు మళ్లీ మనిషవ్వాలని తంటాలు పడటం. సావిత్రి, జమున, జగ్గయ్య, ఆర్.నాగేశ్వరరావు, పెండ్యాల సంగీతం. ఒక్క సీను కూడా ఊరికే రాదు. ముందు చెప్పిన చిన్న విషయం ఒకటి పది సీన్ల తర్వాత తిరిగొచ్చి పని చేస్తుంది. పుణె ఫిల్మ్ ఇనిస్టిట్యూట్‌లో పిల్లలకి పాఠంగా చెప్పారంటే అందుకే. దీనికి పేరు కె.వి.రెడ్డి గారికి వచ్చింది, రావాలి కూడా. కానీ ఆ నాలుగేళ్లు ఆగినవాడి పేరు ఎక్కడ వేస్తాం? ఆగడానికి టైటిల్ కార్డు ఉండదు కదా.

ఆయన పుణ్యమా అని మా అమ్మ తరం ఆడవాళ్లకి ఇంకో పెద్ద మేలు జరిగింది, నేను గట్టిగా నమ్మేది ఇదే. తెలుగు సినిమా ఆడవాళ్లు రాసిన కథల్ని నమ్మింది అన్నపూర్ణ వల్ల. ఈ మాట ఊరికే అనడం లేదు.

1957లో 'తోడి కోడళ్ళు'కి మూలం శరత్ నవల 'నిష్కృతి'. అది మగవాడి రచనే, కానీ వంటింటి రాజకీయం తెలిసిన మగవాడి రచన. 1959లో 'మాంగల్య బలం'. దీని మూలం బెంగాలీ 'అగ్నిపరీక్ష', అది ఆశాపూర్ణాదేవి నవల. చిన్నతనంలో తెలిసీ తెలియని వయసులో కట్టిన తాళి, పెద్దయ్యాక అదే మనిషిని ఎవరో తెలియకుండా ప్రేమించడం. 1963లో 'చదువుకున్న అమ్మాయిలు', డాక్టర్ పి.శ్రీదేవి నవల 'కాలాతీత వ్యక్తులు' ఆధారంగా. 1964లో 'డాక్టర్ చక్రవర్తి', కోడూరి కౌసల్యాదేవి 'చక్రభ్రమణం' నుంచి. 1972లో 'విచిత్ర బంధం', యద్దనపూడి సులోచనారాణి 'విజేత' నుంచి. వరస చూస్తే ఇది యాదృచ్ఛికం కాదని ఎవరికైనా తెలుస్తుంది. 'జీవన తరంగాలు', 'సెక్రటరీ' లాంటి నవలా సినిమాల ఊపు డెబ్బైల్లో కదా వచ్చింది. ఆ దారిలో ముందు నడిచి గడ్డి తొక్కింది దుక్కిపాటి.

ఆ రోజుల్లో వారపత్రిక వస్తే ఇంట్లో ముందు ఎవరు చదవాలా అని తగవు. మా అమ్మ, పిన్నులు సీరియల్ పేజీలు చింపి, వరసగా పెట్టి, బైండు చేయించుకునేవారు. ఊళ్లో అద్దె నవలల షాపులో పుస్తకం చేతులు మారి మారి అట్ట ఊడిపోయేది. ఆ చదువుని మగవాళ్లు చాలామంది తేలిగ్గా తీసేసేవారు, 'ఆడవాళ్ల నవలలు' అని ఒక పేరు పెట్టి పక్కన పడేసేవారు. మద్రాసులో కూర్చుని సినిమాలు తీసే ఒక మనిషి ఆ పుస్తకాలు చదివి, ఇవి చదివే వాళ్లే రేపు మ్యాట్నీకి వచ్చేది, వాళ్ల తెలివిని తక్కువ అంచనా వేయకూడదు అనుకోవడం చిన్న విషయం కాదు. ఇందులో వ్యాపారం లేదా అంటే ఉంది. ఆంధ్రా, సీడెడ్, నైజాం అని ఏరియాలు లెక్కేసి అమ్ముకోవాల్సిన సరుకే సినిమా. కానీ వ్యాపారం కోసం ఎవరైనా ముందు మనల్ని గౌరవిస్తే, ఆ వ్యాపారం మీద నాకు కోపం రాదు.

'డాక్టర్ చక్రవర్తి' విషయమే చూడండి. ఒక డాక్టరు చనిపోయిన తన చెల్లెల్ని స్నేహితుడి భార్యలో చూసుకుంటాడు, ఆమెతో చనువుగా ఉంటాడు, ఆ చనువుని భర్త అనుమానిస్తాడు, ఊరు గుసగుసలాడుతుంది. అక్కినేని, సావిత్రి, జగ్గయ్య. అప్పటికే అక్కినేని, సావిత్రి అంటే జనం కళ్లకి ప్రేమజంట. వాళ్లిద్దరినీ పెట్టి, వీళ్ల మధ్య ప్రేమ లేదు, అన్నాచెల్లెళ్ల లాంటి ఆప్యాయత ఉంది అని రెండున్నర గంటలు ఒప్పించడం అంటే ఎంత టెన్షన్‌తో కూడిన పనో ఆలోచించండి. ఇవాళ్టికీ ఒక ఆడమనిషి, ఒక మగమనిషి నవ్వుతూ మాట్లాడుకుంటే మన అపార్టుమెంటు మెట్ల మీద ఏం మాట్లాడుకుంటారో మనకి తెలుసు. అది 1964. ఆ ఏడాదే రాష్ట్ర ప్రభుత్వం నంది బహుమతులు మొదలుపెట్టింది, మొట్టమొదటి బంగారు నంది ఈ సినిమాకే ఇచ్చింది. 'మనసున మనసై' పాట శ్రీశ్రీ రాసింది ఈ సినిమాకే. 'మాంగల్య బలం'లో 'ఆకాశ వీధిలో', 'వెలుగు నీడలు'లో 'పాడవోయి భారతీయుడా', 'కల కానిది విలువైనది' కూడా ఆయనవే. మహాకవి చేత ప్రేమపాట, ఓదార్పు పాట, దేశం పాట మూడూ రాయించుకున్న బ్యానరు ఇది.

ఇంకో సంగతి. గొల్లపూడి మారుతీరావు గారు సినిమా రచనలోకి వచ్చింది 'డాక్టర్ చక్రవర్తి'తోనే. వాహినీలో సౌండు విభాగంలో పనిచేసి, ఆదుర్తి సుబ్బారావు గారి దగ్గర సహాయకుడిగా నలిగిన కె.విశ్వనాథ్ గారికి మొదటిసారి డైరెక్టర్ కుర్చీ ఇచ్చింది దుక్కిపాటే, 'ఆత్మగౌరవం' సినిమాకి. ఆదుర్తి గారైతే 'తోడి కోడళ్ళు' నుంచి 'బంగారు కలలు' దాకా దాదాపు ఇంటి దర్శకుడే. 'ఇద్దరు మిత్రులు'లో చెల్లెలి వేషం వేసిన అమ్మాయి తర్వాత ఊర్వశి శారద అయింది. విశ్వనాథ్ అంటే మనకి 'శంకరాభరణం' గుర్తొస్తుంది, అక్కడి నుంచే మొదలుపెట్టి చెప్పుకుంటాం. మొదటి కుర్చీ వేసినవాడు గుర్తురాడు.

ఇప్పుడు నాకు నచ్చనివి కూడా చెప్పాలి, లేకపోతే ఇది భజన అవుతుంది. 'కాలాతీత వ్యక్తులు' చదివినవాళ్లెవరైనా 'చదువుకున్న అమ్మాయిలు' చూస్తే మనసు చివుక్కుమంటుంది. ఆ నవలలో ఇందిర ఉంది. తెలుగు నవలల్లో అలాంటి ఆడమనిషి అంతకు ముందు లేదు. ఉద్యోగం చేసి తండ్రిని పోషిస్తూ, తనకేం కావాలో తనకి తెలిసి, అది అడగడానికి సిగ్గుపడకుండా, తప్పులు చేస్తూ, వాటికి ఎవరినీ క్షమాపణ అడగకుండా బతికే మనిషి. ఆ ఇందిర తెరమీదికి రాలేదు. వచ్చింది మంచి పాటలున్న, నవ్వులున్న, చూడచక్కని ఇంటిల్లిపాది సినిమా. 'ఆడవాళ్ల కోపంలో అందమున్నది' అని హాయిగా పాడుకున్నాం. ఇందిర కోపంలో అందం లేదు, నిజం ఉంది. నవల రాసిన శ్రీదేవి గారు ఈ సినిమా వచ్చేనాటికి లేరు, చిన్న వయసులోనే 1961లో పోయారు. ఆవిడ బతికుంటే ఏమనేవారో అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంటుంది. 'విచిత్ర బంధం' విషయంలో ఇంకా ఇబ్బంది. తన మీద అఘాయిత్యం చేసినవాడితోనే చివరికి హీరోయిన్ జీవితం ముడిపడే కథని ఇవాళ నేను చూడలేను, నా కూతురికి చూపించలేను. అది నవలలోనే ఉంది కాబట్టి నిర్మాత తప్పు కాదు అని తప్పించుకోవడం కుదరదు. ఎంచుకున్నది ఆయనే. ఎంపికే ఆయన గొప్పతనం అంటున్నప్పుడు, చెడ్డ ఎంపిక కూడా ఆయన ఖాతాలోకే రావాలి.

అయినా నేను ఆయన్నే సమర్థిస్తాను. ఇందిరని మెత్తబరిచారు, కానీ మిగతావాళ్లు ఆ పుస్తకం తెరిచి కూడా చూడలేదు. ఒక చదువరి పొరపడటం వేరు, చదవకపోవడం వేరు.

'మూలాలన్నీ బెంగాలీ, ఇంగ్లీషే కదా, సొంతం ఏముంది' అని కొందరంటారు. నిజమే, 'ఇద్దరు మిత్రులు'కి బెంగాలీ సినిమా ఆధారం, 'పూల రంగడు'కి ఎ.జె.క్రోనిన్ ఇంగ్లీషు నవల ఆధారం. చేయని నేరానికి జైల్లో మగ్గుతున్న తండ్రిని విడిపించడానికి కొడుకు పడే పాట్లు క్రోనిన్ రాశాడు. ఆ కొడుకుని జట్కా తోలే రంగడిని చేసి, ముళ్లపూడి వెంకటరమణ గారి మాటలు నోట్లో పెట్టి, చెల్లెలి పెళ్లి బెంగ కూడా జోడించి, చూసినవాడికి ఇది పక్క వీధి కథే అనిపించేలా చేయడానికి ఎన్ని నెలల కూర్చోవడం కావాలో ఇవాళ రీమేకులు చూస్తే అర్థమవుతుంది. ఆయన కథ తెచ్చుకున్నాక దాన్ని మన నీళ్లలో బాగా నానబెట్టాకే పొయ్యి మీద పెట్టేవారు. ఎక్కడి నుంచి తెచ్చాడన్నది నాకు అంత ముఖ్యం కాదు.

లెక్క చూడండి. 1955 నుంచి 1974 దాకా ఇరవై ఏళ్లలో అన్నపూర్ణా వారి సినిమాలు పట్టుమని పదిహేను కూడా లేవు. చేతిలో ఆనాటి నంబర్ వన్ హీరోల్లో ఒకరు. ఏడాదికి మూడు తీసినా ఆడేవి. అరవైల్లో మద్రాసు నుంచి హైదరాబాదుకి పని మార్చుకున్న తొలి నిర్మాతల్లో ఆయనొకరు, అప్పటికి ఇక్కడ అమీర్‌పేట సారథి స్టూడియో తప్ప పెద్దగా ఏమీ లేదు, నటులూ సాంకేతిక నిపుణులూ అంతా మద్రాసులోనే. అందరినీ రప్పించుకుని, వసతి చూసుకుని, కాల్షీట్లు సర్దుకుని తీయాలి. ఆ ఖర్చు భరించారు గానీ సినిమాల సంఖ్య పెంచుకోలేదు.

1975 అక్టోబరులో ఆదుర్తి పోయారు. ఆ తర్వాత ఈ బ్యానర్లో వచ్చినవాటిలో పాత పట్టు లేదు, దాని గురించి నేను సాగదీయను. రోజులు కూడా మారిపోయాయి, పోస్టరు మీద 'వారి' పోయి హీరో పేరు ముందు బిరుదులొచ్చాయి. 1993లో ఆయనకి రఘుపతి వెంకయ్య అవార్డు ఇచ్చారు. 2006 మార్చిలో హైదరాబాదులో కన్నుమూశారు, 88 ఏళ్ల వయసులో.

మొన్న సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు అమ్మకి ఈ సంగతులన్నీ చెప్పాను. నాలుగేళ్లు ఆగిన సంగతికి ఆవిడ పెద్దగా ఆశ్చర్యపోలేదు, "మంచి సంబంధానికి ఆగరూ?" అంది. ఇందిర గురించి నేను గొడవపడితే, "పుస్తకం చదివాంగా, సినిమాలో లేకపోతే ఏం, మాకు తెలుసు ఇందిర" అని కొట్టిపారేసింది. ఒక్కచోట మాత్రం ఆగింది.

"అన్నపూర్ణ ఎవరన్నావ్?"

"సవతి తల్లి. కన్నతల్లి చిన్నప్పుడే పోతే ఆవిడే పెంచింది."

కాసేపు ఏమీ అనలేదు. మన సినిమాల్లో సవతి తల్లి అంటే అన్నంలో ఉప్పు ఎక్కువేసే మనిషి, పిల్లల్ని వాతలు పెట్టే మనిషి. అమ్మ అలాంటివి వందలు చూసింది. ఆవిడకీ తల్లి చిన్నప్పుడే పోయింది, పెంచింది మేము చిన్నమ్మమ్మ అని పిలిచే ఆవిడ.

"అయితే ఆ దొంగ రాముడు పెట్టు ఒకసారి" అంది. టీవీలో యూట్యూబ్ పెట్టాను. పేర్లు పడుతున్నప్పుడు నేను అలవాటుగా ముందుకి జరపబోతుంటే, "ఉండనీ" అని నా చేతిలో రిమోటు తీసుకుని పక్కన పెట్టుకుంది.